విదేశానికి వెళ్లే విషయంలో ఆలుమగల మాట కలవనప్పుడు: చిన్నపిల్లల తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

మొదట చేయవలసిన పని, "వెళ్దామా, వద్దా" అన్న ప్రశ్నను కనీసం ఒక నెల పాటు పక్కన పెట్టడం. ఆ ప్రశ్నకు రెండే జవాబులు ఉన్నాయి కనుక, దానిని పట్టుకుని కూర్చున్నంతకాలం ఒకరి మాట నెగ్గడం, మరొకరి మాట ఓడిపోవడం తప్ప వేరే దారి కనిపించదు. మా ఇంట్లో ఈ వాదన రెండేళ్లకు పైగా నడిచింది. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు, అబ్బాయికి ఇంకా ఏడాది నిండలేదు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర బ్యాంకు అప్పుతో కొనుక్కున్న ఫ్లాటు, ఇద్దరికీ ఉద్యోగాలు, పిల్లలకు ఒంట్లో బాగా లేదంటే కడప నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి గుమ్మంలో ఉండే మా అమ్మ, ఇదీ మా సంసారం. మా వారి కంపెనీలో అమెరికా అవకాశం వచ్చినప్పుడు జవాబు చెప్పడానికి రెండు వారాల గడువు ఇచ్చారు. ఆ రెండు వారాల్లో మేము ఒకరినొకరం అనుకున్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తరువాత మారతహళ్లిలోనూ, సర్జాపుర రోడ్డులోనూ, ఎలక్ట్రానిక్ సిటీలోనూ ఉండే తెలుగు స్నేహితులు ఇదే తగవుతో మా ఇంటికి వచ్చినప్పుడు వారికి చెబుతూ వచ్చిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మామూలు మంగళవారం రాయండి

ఇద్దరూ విడివిడిగా కూర్చుని, వెళ్లదలచిన ఊళ్లో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో, నిద్ర లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా, రెండు పేజీలు రాయాలి. పండుగ రోజు, విహారయాత్ర, మంచు పడిన మొదటి ఉదయం రాయకూడదు. పిల్లలను ఎవరు లేపుతారు, బడికి ఎవరు దింపుతారు, చిన్నవాడికి జ్వరం వస్తే ఎవరు సెలవు పెడతారు, వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇంట్లో ఉన్న మనిషి ఎవరితో మాట్లాడుతుంది, ఇవన్నీ రాయాలి. రాసిన తరువాత కాగితాలు మార్చుకుని, ఆ రోజు ఏమీ అనకుండా చదువుకోవాలి.

మా వారి కాగితంలో ఆఫీసు, అక్కడి గ్రంథాలయం, సాయంత్రం పిల్లలతో పార్కు, పక్క ఊళ్లో ఉండే వాళ్ల అన్నయ్య కుటుంబం ఉన్నాయి. వంట, గిన్నెలు, జ్వరం లేవు. నా కాగితంలో నాలుగు గోడలు, ఇద్దరు పిల్లలు, మాట్లాడేందుకు ఎవరూ లేని మధ్యాహ్నం తప్ప మరేమీ లేవు. ఆయన రాసిన పార్కు, గ్రంథాలయం నాకు తట్టనేలేదు. ఆయన "అమెరికా" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది రోజుకు మూడు గంటలు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో పోగొట్టుకోని జీవితమనీ, నేను "వద్దు" అన్నప్పుడు నా మనసులో ఉన్నది నా ఉద్యోగం పోతుందన్న భయమనీ ఆ రెండు కాగితాల వల్లే మాకు తెలిసింది. ఈ రెండింటికీ ఒకే జవాబు ఉండనవసరం లేదు.

ఇక్కడ మీకు ఉన్న సాయం ఎంతో కూడా అదే కాగితం వెనుక రాసుకోవడం మంచిది. పనిమనిషి, ఫ్లాట్ల ఆవరణలోనే ఉన్న డేకేర్, రాత్రి పదకొండింటికి కూడా తలుపు కొట్టగలిగిన పక్కింటివారు, ఒక్క ఫోనుతో కదిలి వచ్చే అమ్మమ్మ లేదా నాన్నమ్మ, ఇవేవీ జీతం చీటీలో కనిపించవు. మరొకవైపు, బెంగళూరు కూడా మనకు పుట్టిన ఊరు కాదన్న మాటను, వెళ్దామనేవారు అన్నప్పుడు, కొట్టిపారేయకూడదు. ఒకసారి ఊరు విడిచి వచ్చినవాళ్లమే. అయితే హిందూపురం ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు, అనంతపురం రెండు వందల పైచిలుకు, విజయవాడ ఒక రాత్రి రైలు ప్రయాణం. తల్లికి ఆపరేషన్ అన్న కబురు వచ్చిన రాత్రి ఈ దూరానికీ ఆ దూరానికీ ఉన్న తేడా ఏమిటో ఇద్దరూ నిజాయితీగా ఒప్పుకోవాలి.

పిల్లల తెలుగు పోతుందన్న వాదన విషయంలోనూ అంతే నిజాయితీ కావాలి. 2015 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో కన్నడం నేర్పాలి; మన పిల్లలు ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో కన్నడం, హిందీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు, చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి తెలుగు తరగతులు 2007 నుంచి నడుస్తున్నాయి. భాష గురించి బెంగ నిజమైనదైతే గుణింతాలు ఈ వారమే మొదలుపెట్టండి. ఆ పని చేయకుండా భాషను వాదనలో ఆయుధంగా వాడితే ఎదుటివారికి అది వెంటనే తెలిసిపోతుంది.

దేశం పేరు కాదు, వీసా పేరు మాట్లాడుకోవాలి

నేను చూసిన తగవుల్లో సగానికి పైగా ఇక్కడే చిక్కుపడ్డాయి. "అమెరికా", "కెనడా", "జర్మనీ" అంటూ మాట్లాడుకుంటారు గానీ, భార్యాభర్తల్లో ఎవరి జీవితం ఎంత మారుతుందో నిర్ణయించేది చేతికి వచ్చే వీసా రకమే. ఒకరి ఉద్యోగం మీద మరొకరు డిపెండెంటుగా వెళ్లే పక్షంలో, ఆ డిపెండెంటుకు ఏయే హక్కులు ఉంటాయో వెళ్లదలచినవారే చదివి, వెళ్లడానికి ఇష్టపడనివారికి వివరించాలి. ఆ శ్రమ వారిదే కావడం న్యాయం. నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక, ఏజెంటు మాట మీద కాకుండా ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో చూసి, చూసిన తేదీతో సహా రాసి పెట్టుకోవాలి.

అమెరికాకు హెచ్-1బి (అక్కడి కంపెనీ ద్వారా వచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద వెళితే జీవిత భాగస్వామికి, పిల్లలకు వచ్చేది హెచ్-4. దాని మీద ఉద్యోగం చేయాలంటే ఈఏడీ అనే పని అనుమతి కావాలి. ఆ అనుమతి 2015 మే నెల నుంచి అందుబాటులోకి వచ్చినా, ప్రధానంగా గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) దారిలో ఐ-140 అనే, కంపెనీ వేసే దరఖాస్తుకు ఆమోదం పొందినవారి భాగస్వాములకే అది దొరుకుతుంది. కాబట్టి దిగిన మరునాడే ఉద్యోగం వెతుక్కోవచ్చన్న మాట హెచ్-4 విషయంలో నిజం కాదు. అదే కంపెనీ ఎల్-1 (తన ఉద్యోగిని అక్కడి శాఖకు బదిలీ చేసే వీసా) మీద పంపితే భాగస్వామి పనిచేయవచ్చు, 2021 నవంబరు నుంచి విడిగా అనుమతి పత్రం కోసం ఆగనవసరం కూడా లేదు. అయితే ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారికిచ్చే ఎల్-1బికి అయిదేళ్లు, మేనేజర్లకిచ్చే ఎల్-1ఎకు ఏడేళ్లు గరిష్ఠ పరిమితి. ఒకే కంపెనీ, ఒకే ఊరు, ఒకే జీతం, కాని భార్యకో భర్తకో ఒక వీసా కింద ఉద్యోగం ఉంటుంది, మరొక వీసా కింద ఉండదు. ఇంత తేడాను తెలుసుకోకుండా మేము రెండు వారాలు కొట్లాడుకున్నాం. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవారికి మరొక దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు ఉంటాయన్నదీ, 2025 సెప్టెంబరులో వచ్చిన అమెరికా అధ్యక్షుడి ప్రకటన దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల భారం మోపిందన్నదీ లెక్కలో ఉండాలి.

పిల్లల సంగతి ఇంకా లోతైనది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి వెళ్లకూడదన్న నియమం వల్ల భారతీయుల వరుస చాలా ఏళ్ల పాటు సాగుతుంది. తల్లిదండ్రుల వరుస అందేలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే, చట్టం కల్పించిన కొద్దిపాటి వయసు మినహాయింపులు వర్తించకపోతే, వారు డిపెండెంట్లుగా కొనసాగలేరు. అంటే ఇక్కడి నుంచి నాలుగేళ్ల వయసులో తీసుకువెళ్లిన అమ్మాయి, అక్కడే బడి, అక్కడే కాలేజీ చదివి కూడా, వేరే వీసా వెతుక్కోవలసి రావచ్చు. ఆమె తరువాత అక్కడే పుట్టిన తమ్ముడు, ఎన్నో ఏళ్లుగా ఉన్న నియమం ప్రకారం, పుట్టుకతోనే ఆ దేశ పౌరుడవుతాడు (ఆ నియమాన్ని మార్చాలని 2025 జనవరిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు న్యాయస్థానాలకు ఎక్కింది కనుక తాజా స్థితి చూసుకోవాలి). ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల భవిష్యత్తులు ఏర్పడతాయన్న మాట. రెండో బిడ్డ ఆలోచన ఉన్న దంపతులు ఈ విషయాన్ని తప్పకుండా మాట్లాడుకోవాలి. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. విదేశీ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు హక్కు ఉండదు.

కెనడాలో శాశ్వత నివాసానికి పాయింట్లను బట్టి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసుకు ఇచ్చే పాయింట్లు 20 నుంచి 29 ఏళ్ల మధ్య నిండుగా ఉండి, 30 నుంచి తగ్గుతూ, 45కు సున్నా అవుతాయి. దంపతుల్లో ఎవరైనా ప్రధాన దరఖాస్తుదారు కావచ్చు కనుక రెండు విధాలా లెక్కవేసి చూడాలి. మా విషయంలో నా పేరుతో వేస్తేనే ఎక్కువ పాయింట్లు వచ్చాయి. ఆ ఒక్క లెక్కతో మా ఇంట్లో మాట తీరే మారిపోయింది. అంతవరకు ఆయన వెంట వెళ్లవలసిన మనిషిగా నన్ను నేను అనుకున్నాను, ఆయనా అలాగే అనుకున్నారు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తే ఇద్దరూ పనిచేయవచ్చు, అయిదేళ్లలో 730 రోజులు అక్కడ ఉంటే దానిని నిలుపుకోవచ్చు. జర్మనీ బ్లూ కార్డు (ఉన్నత చదువు ఉన్న ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వెళ్లేవారి భాగస్వామి జర్మన్ పరీక్ష ముందుగా రాయనవసరం లేకుండానే వెళ్లి పనిచేయవచ్చు. ఏడాది నిండిన పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి ఉంది, పెద్ద నగరాల్లో ఆ చోటు దొరకడానికి మాత్రం ఎదురుచూడాలి. బ్రిటన్‌లో ఆరోగ్య రుసుము పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. నలుగురున్న కుటుంబం మూడేళ్ల వీసాకు 10,866 పౌండ్లు దరఖాస్తుతో పాటే కట్టాలి.

వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు అయిన భాగస్వాములకు పని అనుమతి ఉన్నంత మాత్రాన సరిపోదు. అక్కడి లైసెన్సు కోసం పరీక్షలు, కొన్నిసార్లు మళ్లీ చదువు అవసరమవుతాయి. దానికి పట్టే కాలం, ఖర్చు, ఆ కాలంలో పిల్లలను చూసేవారు ఎవరన్నది ముందే తేల్చుకోవాలి.

"నచ్చకపోతే వచ్చేద్దాం" అన్న మాటను విప్పి చూడండి

ఇష్టపడనివారిని ఒప్పించడానికి అందరూ చెప్పే మాట ఇది. మంచి మనసుతోనే చెబుతారు. కాని ఎవరికి నచ్చకపోతే, ఎన్నాళ్లకు, ఏ డబ్బుతో, ఎవరి ఉద్యోగం వదులుకుని రావాలన్నది అందులో లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలతో తిరిగి రావడం ఒక్కరి చేతిలో ఉండే విషయం కాదన్న సంగతి చాలామందికి తెలియదు.

పిల్లలను ఒక దేశం నుంచి మరొక దేశానికి అక్రమంగా తీసుకుపోవడం గురించి 1980లో హేగ్ ఒప్పందం కుదిరింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ అందులో ఉన్నాయి, భారతదేశం లేదు. కుటుంబం అక్కడ స్థిరపడిన తరువాత ఆ దేశమే పిల్లల మామూలు నివాసమని అక్కడి న్యాయస్థానాలు భావిస్తాయి. భార్యాభర్తల మధ్య పొరపొచ్చాలు వచ్చి, ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా పిల్లలతో బెంగళూరుకు వచ్చేస్తే, అక్కడ అది నేరంగా పరిగణించబడవచ్చు. అమెరికాలో దీని కోసమే 1993లో ప్రత్యేక చట్టం చేశారు. భారత న్యాయస్థానాలు బిడ్డ శ్రేయస్సును ముందుంచి ఒక్కొక్క కేసునూ విడిగా పరిశీలిస్తాయి కనుక ఫలితాన్ని ముందే ఊహించలేము. "నాకు నచ్చకపోతే పిల్లలను తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేస్తాను" అన్న ధైర్యంతో విమానం ఎక్కే తల్లులు ఈ సంగతి విమానం ఎక్కక ముందే తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

అందుచేత తిరుగు ప్రయాణపు షరతులను కాగితం మీద పెట్టండి. ఎన్ని నెలలకు సమీక్షించుకుంటారో తేదీతో సహా రాయండి. పద్దెనిమిది నెలలు నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే మొదటి శీతాకాలపు ఒంటరితనం ఒక్కదానినే చూసి తీర్పు చెప్పడం ఎవరికీ న్యాయం కాదు. ఆ రోజు ఇద్దరిలో ఏ ఒక్కరు తిరిగి వద్దామన్నా మరొకరు ఎన్ని నెలల్లో అంగీకరించాలో రాయండి. నలుగురికి తిరుగు టికెట్ల డబ్బు, ఇక్కడ ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇద్దరూ తీయగలిగిన ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి. ఇటువంటి కాగితం న్యాయస్థానంలో ఎంతవరకు చెల్లుతుందన్నది కుటుంబ న్యాయవాదిని అడగవలసిన ప్రశ్న. మన మధ్య మాత్రం అది మాటకు కట్టుబడి ఉండటానికి ఉపయోగపడుతుంది. ఎవరి పాస్‌పోర్టు, చదువు పత్రాలు వారి దగ్గరే ఉండాలి, పిల్లల పత్రాల నకళ్లు ఇద్దరి దగ్గరా ఉండాలి.

ఇంట్లో ఇప్పటికే కొట్టడం, డబ్బు చేతికివ్వకపోవడం, ఫోనులు తనిఖీ చేయడం వంటివి ఉంటే ఈ వ్యాసంలోని సూచనలు సరిపోవు. ఊరు మారితే మనిషి మారతాడన్న ఆశతో డిపెండెంట్ వీసా మీద వెళ్లవద్దు. ముందుగా న్యాయవాదిని, నమ్మకమైన పుట్టింటివారిని సంప్రదించండి. ప్రవాస భారతీయ వివాహాల సమస్యల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది.

డబ్బు, పెద్దవాళ్లు

డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానేసి, అక్కడి అద్దె, అక్కడి డేకేర్, అక్కడి బీమా తీసివేసి మిగిలేదెంతో చూడండి. ఇద్దరు చంటిపిల్లల డేకేర్ ఖర్చు రెండో జీతంలో పెద్ద భాగాన్ని తినేయగలదు. ఇక్కడి ఫ్లాటు వాయిదా, దానికి వచ్చే అద్దె పక్కపక్కన రాయండి. ఎన్నారై అయ్యాక మామూలు పొదుపు ఖాతాను ఎన్నార్వోగా (ప్రవాసుల రూపాయి ఖాతాగా) మార్చాలి, కొత్తగా పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) ఖాతా తెరవడం కుదరదు, ఉన్నదానిని గడువు తీరేవరకు కొనసాగించవచ్చు.

పెద్దవాళ్ల విషయంలో "అమ్మను తీసుకొచ్చుకుందాం" అన్న మాట చాలా సులువుగా నోటికి వస్తుంది. అమెరికాకు సందర్శకులుగా వచ్చేవారికి సాధారణంగా ఒకసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. కెనడాలో తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఒకసారికి అయిదేళ్ల దాకా ఉండవచ్చు, అయితే కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి. ఇరువైపులా తల్లిదండ్రులు ఉన్నారు కనుక ఎవరి వంతు ఎప్పుడు, ఇక్కడ మిగిలినవారిని ఆసుపత్రికి తీసుకెళ్లే తోబుట్టువు ఎవరు, ఆ తోబుట్టువును అసలు అడిగారా అన్నది చూడాలి. మీ ఇద్దరి మాట ఒక కొలిక్కి వచ్చేవరకు అత్తమామల చేతగానీ, పుట్టింటివారి చేతగానీ తీర్పు చెప్పించవద్దు. ఒకసారి పెద్దలు పక్షాలు తీసుకున్నాక, మనసు మార్చుకోవడం కూడా పరువు సమస్య అవుతుంది.

మాట్లాడుకునే పద్ధతి

పిల్లలు పడుకున్నాక, రాత్రి పదకొండింటికి ఈ విషయం ఎత్తవద్దు. మేము ఆదివారం ఉదయం కబ్బన్ పార్కుకు వెళ్లేవాళ్లం. పిల్లలు గడ్డిలో ఆడుకుంటుంటే ముప్పావు గంట మాట్లాడుకుని, తరువాత వారమంతా ఆ ఊసు ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం. ఒకరు మాట్లాడినంతసేపు రెండోవారు వినాలి, విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. వెళ్దామనేవారు ఇక్కడ ఉండిపోవడం వల్ల తాము ఏమి పోగొట్టుకుంటారో చెప్పాలి. వద్దనేవారు దానిని "ఆశ" అనో "పేరాశ" అనో తీసిపారేయకూడదు.

ఎటూ తేలకపోతే చిన్న పరీక్ష పెట్టుకోండి. వీలుంటే బంధువుల ఇంట్లో మూడు, నాలుగు వారాలు, చలికాలంలోనే, ఉండి రండి. రోజూ చూడవలసిన ఊళ్లు తిరగకుండా సరుకులు తెచ్చుకుని, వండుకుని, బస్సెక్కి చూడండి. ఒకరు ముందు వెళ్లి ఆరు నెలల తరువాత మిగతావారిని పిలిపించుకోవడం చాలామంది చేస్తారు కాని, ఏడాదిలోపు బిడ్డ ఉన్న ఇంట్లో అది ఇక్కడ మిగిలినవారి మీద మోయలేని బరువు వేస్తుంది, నేను సలహా ఇవ్వను. ఒకవేళ వెళ్లడమే ఖాయమైతే, ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నవారు బెంగళూరులో ఉండగానే కారు నడపడం నేర్చుకుని లైసెన్సు తీసుకోవాలి. అక్కడికి వెళ్లిన మొదటి నెలలోనే వారి పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. ఉండిపోవడమే ఖాయమైతే, వదులుకున్నవారి కష్టానికి కూడా ఏదో ఒకటి జరగాలి. మేము ఉండిపోయాం. మా వారు ఇంటికి దగ్గరలోని మరొక కంపెనీకి మారారు, అందుకు తగ్గిన జీతాన్ని నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మా అబ్బాయికి ఆరేళ్లు నిండిన నెలలో కెనడా లెక్క మళ్లీ వేస్తామని తేదీ రాసుకుని పాస్‌పోర్టుల పక్కన బీరువాలో పెట్టుకున్నాం. చిన్నపిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే గడువు తీరుతుంది కనుక ఆ తేదీనీ దాని కిందే రాశాం. పాస్‌పోర్టు దరఖాస్తుకు మామూలుగా తల్లిదండ్రులు ఇద్దరి సమ్మతి పత్రం కావాలి. రెండోవారికి తెలియకుండా ఆ పని చేయించాలని చూడటం నమ్మకాన్ని పూర్తిగా చెరిపేస్తుంది.

పిల్లలకు, నిర్ణయం అయ్యాకే చెప్పాలి. నాలుగేళ్ల బిడ్డను "నీకు ఎక్కడ ఇష్టం" అని అడిగి తన జవాబును రెండోవారి మీద ప్రయోగించకూడదు. చెప్పినప్పుడు వారు మొదట అడిగేది ఇల్లు గురించో బడి గురించో కాదు, "అమ్మమ్మ కూడా వస్తుందా?" అని. రాదన్న నిజం చెప్పి, ఏ పూట అమ్మమ్మ ఫోనులో కనిపిస్తుందో అప్పుడే నిర్ణయించండి. చికాగోలో ఉదయం ఏడున్నరకు పిల్లలు పాలు తాగుతుంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. అమ్మమ్మ దీపం పెట్టి తీరిగ్గా కూర్చునే వేళ. ఆ పిలుపును బెంగళూరులో ఉండగానే, ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచే, రోజూ సాయంత్రం అదే వేళకు అలవాటు చేయండి.